ఎన్ని చేతులు మారాయో లెక్కపెట్టండి

వైకల్యం ఉన్నవారికి సేవలందించే స్వచ్ఛంద సంస్థల పాలకమండలి సభ్యులకు, ఆ సంస్థలకు నిధులిచ్చే దాతలకు,

నమస్కారం.

ఇలాంటి ఒక సంస్థలో చాలా ఏళ్లపాటు సిబ్బంది వ్యవహారాలు చూసినదాన్ని నేను. ఉద్యోగ ప్రకటన రాయడం దగ్గర్నుంచి రాజీనామా కాగితం ఫైల్లో పెట్టడం దాకా అన్నీ నా చేతుల మీదుగానే జరిగేవి. మీ సమావేశాల్లో చివర్లో పది నిమిషాలు 'హెచ్‌ఆర్ విషయాలు' అని ఒక అంశం ఉంటుంది కదా, అప్పుడు మాట్లాడేది నేనే. చాలాసార్లు ఆ పది నిమిషాలు కూడా దొరికేవి కావు. అప్పటికే పొద్దుపోయేది, ఎవరో ఒకరు లేచి వెళ్లాల్సి వచ్చేది. అప్పుడు చెప్పలేకపోయిన సంగతులు ఇప్పుడు రాస్తున్నాను.

మీ మంచితనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. డబ్బు, సమయం రెండూ పెట్టి ఈ బాధ్యత మోస్తున్నారు. అందుకే మొహమాటం లేకుండా రాయాలనుకున్నాను.

మా దగ్గర ముప్పై దాటిన ఒకాయన ఉండేవారు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి. మాట రాదు. కళ్లు పైకెత్తితే అవును, పక్కకు తిప్పితే కాదు. తినేటప్పుడు ఒక్కోసారి పెదవులు గట్టిగా మూసేసేవారు. నోట్లో ఉన్నది ఇంకా గొంతు దిగలేదు, కాస్త ఆగమని చెప్పడం అది. నాలుగేళ్లుగా ఆయన్ని చూసుకుంటున్న సహాయకుడికి ఈ సంగతి తెలుసు. ఏ కాగితం మీదా మాత్రం లేదు. ఒకరోజు ఆ సహాయకుడు మానేశాడు. కారణం మామూలే, వేరే చోట జీతం ఎక్కువ. రాజీనామా తీసుకుని, లెక్క తేల్చి, రావాల్సింది చేతికిచ్చి పంపడానికి నాకు అరగంట పట్టలేదు. తొమ్మిది రోజుల్లో ఇంకొకరిని పెట్టాను.

కొత్తగా వచ్చినతను మంచివాడే, ఓపిక ఉన్నవాడే. పెదవులు మూస్తే ఇక చాలంటున్నారు కాబోలు అనుకుని ప్లేటు తీసేసేవాడు. ఆరు వారాల తర్వాత బరువు చూసిన నర్సు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, ఈయన నాలుగు కిలోలు తగ్గారు" అంది. జబ్బేమోనని పరీక్షలు చేయించాం. ఏమీ తేలలేదు. ఆఖరికి పాత సహాయకుడికి ఫోన్ చేస్తే ఒక్క ముక్కలో చెప్పాడు: "పెదవులు మూస్తే ఆగాలి మేడమ్. కాసేపటికి ఆయనే తెరుస్తారు."

ఆ మూడు నెలల నివేదికలో నేను రాసిందేమిటంటే: ఖాళీలు 1, భర్తీ 1, పట్టిన సమయం 9 రోజులు. త్వరగా భర్తీ చేశానని సమావేశంలో నన్ను మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ రంగంలో సిబ్బంది నిలబడటమే సేవ. భవనం, వ్యాను, ఫిజియోథెరపీ పరికరాలు అన్నీ దాని తర్వాతే. ఒక మనిషి దేహాన్ని, సైగల్ని, భయాల్ని ఇంకో మనిషి నెలల తరబడి నేర్చుకుంటారు. ఆ నేర్చుకున్న మనిషి వెళ్లిపోతే ఆ చదువంతా వాళ్లతోనే పోతుంది. దుస్తులు మార్పించుకునేవారు, స్నానం చేయించుకునేవారు మళ్లీ ఒక కొత్త ముఖం ముందు తమ ఒంటిని అప్పగించాలి. అది ఎంత కష్టమో ఒక్కసారి మీ గురించి ఊహించుకోండి. ఏడాదిలో ఎనిమిది మంది కొత్తవాళ్లు మీకు స్నానం చేయించారనుకోండి. మీరు దాన్ని సేవ అంటారా?

అయినా మనం లెక్క కట్టేది మాత్రం సంస్థ వైపు నుంచే. పన్నెండు మందిలో ముగ్గురు మానేస్తే 25 శాతం అని రాస్తాం. ఆ ముగ్గురూ ఒకే గదిలో ఉండే ఇద్దరిని చూసుకునేవాళ్లయితే, ఆ ఇద్దరికీ అది నూటికి నూరు శాతం. మిగతావారికి సున్నా. సగటు అంకెలో ఈ తేడా ఎక్కడా కనబడదు. అందుకే నేను కొన్నేళ్ల తర్వాత లెక్క తిరగేశాను. సేవ పొందే ప్రతి ఒక్కరి పేరూ రాసి, ఆ పేరు ఎదురుగా గత 12 నెలల్లో వారిని తాకి, ఎత్తి, తినిపించి, శుభ్రం చేసిన వేర్వేరు మనుషులు ఎంతమందో రాశాను. మొదటిసారి ఆ పట్టిక పూర్తయిన రోజు కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఒక అమ్మాయి పేరు ఎదురుగా 19 అని ఉంది. తనకు మనుషుల మీద నమ్మకం లేదని, ముట్టుకుంటే అరుస్తుందని మేం ఫైల్లో 'ప్రవర్తన సమస్య' అని రాసుకున్నాం. 19 మంది మారాక ఎవరికైనా నమ్మకం ఎలా ఉంటుంది?

ఎందుకు మానేస్తారన్నది మీకు తెలియని సంగతేం కాదు. అయితే అందులో మనమే సృష్టించే కారణాలు చాలా ఉన్నాయి, వాటి గురించే రాస్తాను.

మొట్టమొదటిది కేవలం కూడికలు, భాగహారాల విషయం. రాత్రీ పగలూ ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిన మనిషికి ఎంతమంది సిబ్బంది కావాలి? మూడు షిఫ్టులు కాబట్టి ముగ్గురు చాలంటారు. బడ్జెట్లలో అలాగే రాస్తారు. వారానికి 168 గంటలు. ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి 56 గంటలు, అది కూడా వారాంతం సెలవు లేకుండా, జ్వరం రాకుండా, ఇంట్లో ఏ పనీ పడకుండా ఉంటేనే. వారానికి 48 గంటలు మించకూడదన్న నియమాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందంలోనే, 1919లో, ఫ్యాక్టరీ పనివాళ్ల కోసం పెట్టింది. నూరేళ్లు దాటాక సేవ పేరుతో మనం అంతకంటే ఎక్కువ చేయిస్తున్నాం. 48 గంటల చొప్పున చూసినా ముగ్గురున్నర కావాలి, 40 గంటలైతే నలుగురు దాటాలి. సెలవులు, శిక్షణ, అనారోగ్యం కలుపుకుంటే దాదాపు ఐదుగురు. ముగ్గురిని ఇచ్చి ఐదుగురి పని అడిగితే డబుల్ డ్యూటీలు వస్తాయి. డబుల్ డ్యూటీ చేసి అలిసిపోయిన మనిషి తెల్లవారుజామున ఫిట్స్ వచ్చిన పిల్లవాడిని సరిగ్గా పక్కకు తిప్పలేకపోతే, మనం ఆ మనిషికి మెమో ఇస్తాం. ఆ మెమోలు నేను చాలా రాశాను. రాయాల్సినవాటిలో కొన్ని పైనున్న మాకే రాసుకోవాల్సినవి.

రెండోది జీతం. దీని దగ్గర 'సేవాభావం' అనే మాట అడ్డొస్తుంది. మంచి మాట అది, నాకూ ఇష్టమే. కానీ జీతం పెంచమని అడిగినవారికి జవాబుగా ఆ మాట వాడటం తప్పు. అడిగినామె సేవాభావం లేక అడగలేదు, పిల్లల ఫీజు కట్టాల్సి వచ్చి అడిగింది. డాక్టరుకి, అకౌంటెంటుకి బయట మార్కెట్లో ఎంత ఇస్తున్నారో కనుక్కుని జీతం నిర్ణయిస్తాం. రోజంతా మనిషి బరువు మోసే సహాయకులకు మాత్రం ఎంత తక్కువకి దొరుకుతారో కనుక్కుని నిర్ణయిస్తాం. వాళ్లది నైపుణ్యం లేని పని అనుకోవడం దీనికి మూలం. తినిపించేటప్పుడు పొలమారకుండా తల ఏ కోణంలో ఉంచాలో, మందు ఎప్పుడు ఆపి నర్సుని పిలవాలో, పుండు పడబోయే చోట చర్మం ముందుగా ఎలా రంగు మారుతుందో తెలిసిన మనిషిని నైపుణ్యం లేనివారని ఎలా అంటాం?

ఒంటి సంగతి కూడా చెప్పాలి. మనిషిని చేతులతో ఎత్తే పనిలో, పరిస్థితులు బాగున్నప్పుడు కూడా, 35 పౌండ్లు, అంటే సుమారు 16 కిలోలు మించకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 'నియోష్' శాస్త్రవేత్త థామస్ వాటర్స్ 2007లో సూచించారు. పదేళ్ల పిల్లలే అంతకంటే బరువుంటారు. మనం పెద్దవాళ్లని మంచం మీంచి వీల్‌చైర్‌లోకి, వీల్‌చైర్ నుంచి టాయిలెట్‌కి రోజుకి పదిసార్లు చేతులతో ఎత్తిస్తున్నాం. నలభై ఏళ్లు రాకముందే నడుము పోయి మానేసినవారి జాబితా నా దగ్గర ఉండేది. వాళ్ల రాజీనామాల్లో 'వ్యక్తిగత కారణాలు' అని ఉంటుంది. లిఫ్టింగ్ హాయిస్ట్, అంటే మనిషిని ఎత్తి దించే యంత్రం, కొనమని నేను నోట్ పెడితే అది పరికరాల పద్దులోకి వెళ్లి వాయిదా పడేది. దాన్ని సిబ్బంది పద్దులో పెట్టి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. ఒక నడుము కాపాడితే ఒక మనిషి నిలబడతారు. హాయిస్ట్ అనేది సేవ పొందేవారికీ గౌరవమే. ఇద్దరు కలిసి చంకల కింద పట్టి లేపడం ఎవరికీ సుఖంగా ఉండదు.

మనసు అలసట గురించి ఎక్కువగా మాట్లాడతారు, తక్కువగా ఏదైనా చేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'బర్నౌట్'ని పనికి సంబంధించిన పరిణామంగా తన వర్గీకరణలో వివరించింది. అది జబ్బు కాదనీ, పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిగా సంభాళించకపోవడం వల్ల వచ్చేదనీ చెప్పింది. క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ముందే, 1980ల మొదట్లో, దాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేశారు. అందులో మూడు పార్శ్వాలున్నాయి: పూర్తిగా అలిసిపోవడం, ఎదుటివారిని మనిషిగా చూడలేకపోవడం, తన పనికి విలువ లేదనిపించడం. మన రంగంలో రెండోది అన్నిటికంటే ప్రమాదం. అది వచ్చిందని నాకెలా తెలిసేదంటే, మాటల్లో తెలిసేది. నిన్నటిదాకా పేరుతో పిలిచిన ఆమె ఒకరోజు "మూడో గదికి తినిపించేశాను మేడమ్" అంటుంది. ఆ మాట వినగానే నేను రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, తీసి చూసేదాన్ని. దాదాపు ప్రతిసారీ ఆమెకు రెండు వారాలుగా సెలవు దొరికి ఉండేది కాదు.

అలాంటప్పుడు తిట్టడం పనికిరాదు, యోగా క్లాసు కూడా పనికిరాదు. ముందు విశ్రాంతి కావాలి. ఆ తర్వాత నెలకి ఒక గంట, తప్పులు వెతకని ఒక సీనియర్‌తో కూర్చుని, ఈ నెల ఏం బరువనిపించింది, ఎవరి దగ్గర కోపం వచ్చింది, ఎందుకొచ్చింది అని మాట్లాడే వీలు కావాలి. మేం మొదలుపెట్టినప్పుడు ఆ గంట డ్యూటీ టైంలోనే ఉండాలని పట్టుబట్టాను. డ్యూటీ అయ్యాక ఉంచితే అదీ ఒక శిక్షే. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. మూడో నెలలో ఒక కుర్రవాడు, తనని కొరికే ఒక పిల్లవాడి దగ్గరికి వెళ్లాలంటే పొద్దున్నే కడుపులో టెన్షన్ మొదలవుతుందని చెప్పి ఏడ్చాడు. ఏడాదిగా ఎవరికీ చెప్పలేదట, చెబితే చేతకానివాడంటారని. ఆ పిల్లవాడు కొరకడానికి కారణం పంటి నొప్పి అని తర్వాత తేలింది. ఆ గంట లేకపోతే ఇద్దరి బాధా బయటపడేది కాదు. పనిచోట హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందం ప్రతి పనివారికీ హింస లేని పనిచోటు హక్కని చెబుతుంది. దెబ్బలు తినడం ఈ ఉద్యోగంలో భాగమని సర్దిచెప్పడం మానేద్దాం. అలా సర్దిచెబితే, కొట్టే పిల్లవాడు ఎందుకు కొడుతున్నాడో వెతకడం కూడా మానేస్తాం.

ఇక నియామకాలు. సర్టిఫికెట్లు చూసి, "మీ బలాలేమిటి, బలహీనతలేమిటి" అని అడిగి మనుషుల్ని తీసుకోవడం ఈ పనికి సరిపోదు. మేం ఒక మార్పు చేశాం. సేవ పొందేవారిలో ఇద్దరు ఇంటర్వ్యూలో కూర్చుంటారు, వాళ్లు ఒప్పుకోని మనిషిని తీసుకోం. మొదటిసారి వీల్‌చైర్‌లో వచ్చి కూర్చున్న ఒకావిడ, అభ్యర్థిని ఒక్కటే ప్రశ్న అడిగారు. "నేను స్నానం వద్దంటే మీరేం చేస్తారు?" నలుగురిలో ముగ్గురు, నచ్చజెప్పి చేయిస్తామన్నారు. నాలుగో అమ్మాయి, "ఎందుకు వద్దో అడుగుతానండి. చెప్పకపోతే కాసేపాగి మళ్లీ వస్తాను" అంది. ఆమె డిగ్రీ కూడా పూర్తి చేయలేదు. ఆమెనే తీసుకున్నాం. ఆ ప్రశ్న నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ తట్టలేదు.

వైకల్యం ఉన్నవారి హక్కుల మీద ఐక్యరాజ్య సమితి ఒప్పందం 2006 డిసెంబర్ 13న ఆమోదం పొందింది, 2008 మే 3 నుంచి అమల్లోకి వచ్చింది. వారిని సంప్రదించకుండా వారి గురించి నిర్ణయాలు చేయకూడదని అది ప్రభుత్వాలకు చెబుతుంది. "మా గురించి ఏ నిర్ణయమైనా మేం లేకుండా వద్దు" అన్నది వాళ్ల ఉద్యమ నినాదం. దాన్ని మన ఆఫీసు గోడ మీద రాసుకున్నాం. ఇంటర్వ్యూ గదిలోకి మాత్రం రానివ్వలేదు. తనకు సాయం చేసే మనిషిని తానే ఎంచుకోవడం, నచ్చకపోతే మార్చమనడం అన్నవి 1972లో అమెరికాలోని బర్క్‌లీలో, వైకల్యం ఉన్న ఉద్యమకారుడు ఎడ్ రాబర్ట్స్, ఆయన మిత్రులు స్వతంత్ర జీవన కేంద్రం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ ఉద్యమం అడుగుతున్నవే.

రిఫరెన్స్ చెక్, అంటే కొత్తగా చేరేవారి గురించి పాత సంస్థను అడిగి తెలుసుకోవడం గురించి ఒక తప్పు ఒప్పుకోవాలి. ఒకతను పిల్లల మీద చెయ్యి చేసుకుంటున్నాడని ఫిర్యాదు వచ్చింది. విచారణ పెడితే సంస్థ పేరు బయటికి వస్తుందని పైవాళ్లు భయపడ్డారు. అతన్నే రాజీనామా చేయమన్నారు. అనుభవ ధృవీకరణ పత్రంలో 'ప్రవర్తన సంతృప్తికరం' అని నేనే టైప్ చేశాను. రెండు నెలల తర్వాత ఇంకో కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది, అతను వాళ్ల దగ్గర చేరాడు, వివరాలు చెప్పగలరా అని. అప్పుడు నిజం చెప్పాను. కానీ ఆ రెండు నెలల్లో అక్కడి పిల్లలకు ఏం జరిగిందో నాకు తెలియదు. ఆ కాగితం మీద సంతకం నాది. దయచేసి మీ సంస్థల్లో ఈ 'గొడవ లేకుండా పంపేయడం' అనే పద్ధతిని ఒక లిఖిత తీర్మానంతో నిషేధించండి. ఆ ఐక్యరాజ్య సమితి ఒప్పందంలోని 16వ అధికరణం ఇలాంటి సేవాకేంద్రాలను స్వతంత్ర అధికారులు పర్యవేక్షించాలని చెబుతుంది. మనం మనల్ని చూసుకుంటే చాలదని దాని అర్థం.

తప్పు చూసి చెప్పినవారిని ఎలా చూస్తామన్నది ఇంకా పెద్ద విషయం. న్యూయార్క్‌లో విల్లోబ్రూక్ అనే ఒక పెద్ద ప్రభుత్వ కేంద్రం ఉండేది. 4,000 మందికి కట్టిన చోట ఒక దశలో 6,000 మందికి పైగా మేధో వైకల్యం ఉన్నవారిని ఉంచారు. సిబ్బంది చాలరు, పిల్లలు బట్టలు లేకుండా నేల మీద ఉండేవారు. అక్కడి పరిస్థితుల గురించి తల్లిదండ్రులను కూడగట్టినందుకు మైకేల్ విల్కిన్స్ అనే డాక్టరును 1972 జనవరిలో ఉద్యోగం నుంచి తీసేశారు. ఆయన దగ్గర ఒక వార్డు తాళంచెవి మిగిలిపోయింది. దాంతోనే ఆయన టీవీ విలేకరి జెరాల్డో రివెరాను లోపలికి తీసుకెళ్లారు. ఆ దృశ్యాలు దేశాన్ని కదిలించాయి. కేసులు నడిచాయి, 1987కి ఆ కేంద్రం మూతపడింది. అక్కడి మనుషులకు న్యాయం మొదలైంది ఉద్యోగం పోయిన మనిషి దగ్గర మిగిలిన తాళంచెవితో. మీ సంస్థలో రాత్రి డ్యూటీ చేసే ఆయా ఒకరు, తను చూసిన తప్పు పాలకమండలికి నేరుగా చెప్పాలంటే దారి ఉందా? మేనేజర్ ద్వారా కాకుండా? చెబితే మర్నాడు ఆమె ఉద్యోగం ఉంటుందని ఎవరైనా హామీ ఇచ్చారా?

దాతలకు ప్రత్యేకంగా ఒక మాట. "మేమిచ్చిన డబ్బులో పరిపాలనా ఖర్చు ఎంత?" అని అడుగుతారు. అడగడం మీ హక్కు. కానీ శిక్షణ, పర్యవేక్షణ, సెలవు పెట్టినవారి బదులు వచ్చే మనిషి జీతం, ఇవన్నీ ఆ పద్దు కిందికే తోసేస్తారు. దాంతో ఆ పద్దు తక్కువ చూపించడానికి సంస్థలు ముందు కోసేది వాటినే. అమెరికాలో స్వచ్ఛంద సంస్థలకు రేటింగులు, సమాచారం ఇచ్చే మూడు సంస్థలు, గైడ్‌స్టార్, ఛారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్, 2013లో కలిసి దాతలకు ఒక బహిరంగ లేఖ రాశాయి. పరిపాలనా ఖర్చు శాతాన్ని బట్టి సంస్థ మంచిచెడ్డలు తేల్చకండి అని ఆ లేఖ సారాంశం. లెక్కలు చూడటమే పనిగా పెట్టుకున్నవారు చెప్పిన మాట అది. మన పనిలో అయితే ఆ మాట ఇంకా నిజం. మనిషికి మనిషి చేసే పనిలో ఆ మనిషి మీద పెట్టే ఖర్చు పరిపాలనా ఖర్చు ఎలా అవుతుంది?

పైగా నిధులు ప్రాజెక్టుల వారీగా ఇస్తారు. సహాయకుల కాంట్రాక్టు కూడా ఆ ప్రాజెక్టుతోనే ముగుస్తుంది. కొనసాగింపు ఉత్తరం ఆఖరి వారం వస్తుంది, ఒక్కోసారి గడువు దాటాక వస్తుంది. అప్పటిదాకా ఆగగలిగేది ఎవరు? బయట అవకాశం లేనివారు మాత్రమే. పనితనం ఉన్నవారు రెండు నెలల ముందే వేరే చోటు చూసుకుంటారు, చూసుకోవాలి కూడా. కొనసాగిస్తారో లేదో ఆరు నెలల ముందు చెప్పండి. ఆపేస్తామన్నా ఫర్వాలేదు, ముందు చెప్పండి. ఇది చేయడానికి మీకు రూపాయి ఖర్చు కాదు.

ఖర్చయ్యేది ఒకటి అడుగుతున్నాను. వెళ్లే మనిషి, వచ్చే మనిషి రెండు వారాలు కలిసి పనిచేసేలా ఇద్దరి జీతానికీ నిధి ఉంచండి. దీన్ని నేను ఎన్నిసార్లు పెట్టినా 'ఒకే పోస్టుకి రెండు జీతాలు' అని కొట్టేశారు. పెదవులు మూస్తే ఆగాలి అన్న సంగతి చెప్పడానికి ఆ రెండు వారాల్లో ఒక్క నిమిషం చాలు. మేం తర్వాత ప్రతి ఒక్కరికీ 'నా గురించి' అని నాలుగు పేజీల పుస్తకం తయారు చేశాం. ఫొటోలతో, వారికి తోచినట్టు, వారి ఎదుటే రాసింది. ఏది అవును, ఏది కాదు, ఏది నొప్పి, ఏది సరదా, నన్ను లేపే ముందు ఏం చెప్పాలి. చాలా ఉపయోగపడింది. అయితే చేతులకు తెలిసినదంతా కాగితం మీదికి రాదు. చూసి నేర్చుకోవాల్సిందే.

వాలంటీర్ల గురించి కొద్దిగా. వాళ్లు రావాలి, బయటికి తీసుకెళ్లాలి, చదివి వినిపించాలి, స్నేహం చేయాలి. రోస్టర్‌లో ఖాళీని వాళ్లతో నింపకూడదు. స్నానం, టాయిలెట్, మందులు వాళ్లకి అప్పగించకూడదు. జీతం ఉన్నవారికి చేసే తనిఖీలన్నీ వాళ్లకీ చేయాలి.

చివరిగా నన్ను ఎక్కువ బాధపెట్టే విషయానికి వస్తాను. వైకల్యం ఉన్నవారికి ఉద్యోగాలివ్వండని మనం కంపెనీల గుమ్మాలెక్కి అడుగుతాం. ప్రపంచంలో 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు, గణనీయమైన వైకల్యంతో జీవిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పిన అంకెను ప్రతి కరపత్రంలో వేస్తాం. మరి మన జీతాల పట్టికలో వారెంతమంది? ఉన్నవారు ఏ హోదాలో ఉన్నారు? మా దగ్గర చూపు లేని ఒక ఉద్యోగి ఉండేవారు, కౌన్సెలర్. ఆయన జీతం స్లిప్ మేం కాగితం స్కాన్ చేసి మెయిల్‌లో పంపేవాళ్లం. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు, అది బొమ్మ కాబట్టి. రెండేళ్లు తన జీతం వివరాలు ఆయన ఇంకొకరితో చదివించుకున్నారు. ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు. నేను యథాలాపంగా అడిగితే అప్పుడు చెప్పారు. సరిచేయడానికి నాకు పట్టింది పది నిమిషాలు, స్కాన్ మానేసి అక్షరాలున్న ఫైలు పంపడమే. అవసరమైన, తగిన సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షేనని ఆ ఐక్యరాజ్య సమితి ఒప్పందం 2వ అధికరణంలోనే ఉంది. 27వ అధికరణం పనిచేసే హక్కు గురించి. రెండూ నేను శిక్షణల్లో పాఠం చెప్పినవే. మా సంస్థలో సూపర్‌వైజర్ పోస్టుకి 'ద్విచక్ర వాహనం నడపగలగాలి' అన్న షరతు ఏళ్ల తరబడి నకలు అవుతూ వచ్చింది. ఆ పనికి బండితో సంబంధమే లేదు. ఆ ఒక్క లైను చూసి దరఖాస్తు పెట్టకుండా ఆగిపోయినవారు ఎంతమందో.

నా విన్నపం ఒక్కటే, మీరు వెంటనే చేయగలిగేది. వచ్చే సమావేశంలో ఆర్థిక నివేదిక తెరవకముందే, సేవ పొందే ప్రతి ఒక్కరి పేరు ఎదురుగా గత 12 నెలల్లో ఎంతమంది చేతులు మారాయో రాసిన పట్టిక అడగండి. అందులో అన్నిటికంటే పెద్ద అంకె ఎవరి పేరు పక్కన ఉందో చూడండి. ఆ మనిషిని, వారితో ఇప్పుడు పనిచేస్తున్న సహాయకులను సమావేశానికి పిలిచి, ముందు వాళ్ల మాట వినండి. ఆ తర్వాత బడ్జెట్ పేజీ తెరవండి.

మా దగ్గర నేను మొదట చెప్పిన ఆయన పేరు ఎదురుగా మొన్నటి లెక్కలో 4 అని ఉంది. తినిపించే మనిషి మూడేళ్లుగా మారలేదు. అప్పట్లో తెలియక ప్లేటు తీసేసిన అబ్బాయే. బరువు ఎప్పుడో తిరిగి వచ్చింది.

పట్టిక ఎలా వేయాలో మీ ఆఫీసులో ఎవరికైనా తెలియకపోతే కబురు చేయండి. వచ్చి కూర్చుని చేసి పెడతాను.

ఇట్లు,
సిబ్బంది ఫైళ్ల దగ్గర చాలా ఏళ్లు గడిపిన మీ సహోద్యోగి